చట్టం ఛార్జ్ అయ్యేది ఏ రోజున? విద్యుత్ చట్టాలు, గెజిట్ ప్రకటనలు

యువ ఇంజనీర్లు, లా విద్యార్థులు పాల్గొన్న ఒక అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే. నేను ముప్పై ఏళ్ళు కరెంటాఫీసు కాగితాల మధ్య గడిపినవాణ్ణి. స్తంభం ఎక్కలేదు. ఎక్కినవాళ్ళ ఫైళ్ళు చూశాను. కాబట్టి ఇంజనీర్లు నన్ను కాస్త సహించాలి. లా విద్యార్థులు ఎలాగూ సహిస్తారు, వాళ్ళకి అలవాటే.

మొదట ఇంజనీర్లకే ఒక ప్రశ్న. ఒక కొత్త లైన్ వేశారు. స్తంభాలు నిలబెట్టారు, ఇన్సులేటర్లు బిగించారు, తీగలు లాగారు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చోబెట్టారు. బిల్లులు కూడా పాసైపోయాయి. మరి ఆ లైన్లో కరెంటు ఉందా? లేదు. ఎందుకు లేదు? ఛార్జ్ చేయలేదు గనక. ఎవరో ఒకరు ఏబీ స్విచ్ వేయాలి. వేసిన టైము రిజిస్టర్లో రాయాలి. ఆ టైముకి ముందు అది వట్టి అల్యూమినియం తీగ. ఆ తర్వాత ముట్టుకుంటే ప్రాణం పోతుంది. అవునా?

చట్టం కూడా అంతే. పార్లమెంటు పాస్ చేస్తుంది, రాష్ట్రపతి సంతకం పెడతారు, పేపర్లో వస్తుంది, టీవీలో చర్చలు జరుగుతాయి. అయినా చట్టం ఛార్జ్ కాకపోవచ్చు. ఛార్జ్ చేసేది ప్రభుత్వం తన అధికార పత్రికలో, అంటే గెజిట్లో, వేసే ఒక చిన్న ప్రకటన. చాలాసార్లు అది నాలుగు లైన్లు కూడా ఉండదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ నాలుగు లైన్ల గురించే.

2003 విద్యుత్ చట్టం తీసుకుందాం, మనందరికీ అన్నం పెడుతున్న చట్టం కదా. బిల్లు పార్లమెంటుకి వచ్చింది 2001 ఆగస్టులో. స్థాయీ సంఘానికి వెళ్ళింది, అక్కడ నలిగింది. 2003 ఏప్రిల్లో లోక్‌సభ, మే నెలలో రాజ్యసభ ఆమోదించాయి. మే 26న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఇప్పుడు చెప్పండి, మే 27న మన దేశంలో కరెంటుకి ఏ చట్టం ఉంది? చెప్పండి, మొహమాటపడకండి. ఆ మూలనుంచి 2003 అన్నారు. కాదమ్మా. మే 27న ఉన్నది 1910 నాటి భారత విద్యుత్ చట్టమే. దాని పక్కన 1948 నాటి సరఫరా చట్టం, 1998 నాటి రెగ్యులేటరీ కమిషన్ల చట్టం. కొత్త చట్టం కాగితం మీద పుట్టింది గానీ ఇంకా కళ్ళు తెరవలేదు.

ఎప్పుడు తెరిచింది? జూన్ 10న. ఆ రోజు కేంద్రం గెజిట్లో ఒక ప్రకటన ఇచ్చింది. 121వ సెక్షన్ తప్ప మిగతా చట్టమంతా ఈ రోజు నుంచి అమల్లోకి వస్తుందని అందులో ఉంది. ఆమోదానికి, అమలుకి మధ్య పదిహేను రోజులు. ఈ పదిహేను రోజుల చట్టాన్ని ఏమనాలి? చట్టమే, కానీ దాన్ని చూపించి ఎవరి ఫ్యూజూ పీకలేం.

ఈ అధికారం కేంద్రానికి ఎక్కడిదంటే, ఆ చట్టంలోనే ఉంది. మొదటి సెక్షన్, మూడో ఉపసెక్షన్. మనలో చాలామంది మొదటి సెక్షన్ చదవరు. చట్టం పేరేమిటి, ఎక్కడ వర్తిస్తుంది, ఇదేగా ఉండేదని పేజీ తిప్పేస్తారు. నేనూ అలాగే తిప్పేవాణ్ణి. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీన ఈ చట్టం అమల్లోకి వస్తుంది, వేర్వేరు సెక్షన్లకి వేర్వేరు తేదీలు పెట్టవచ్చు అని అక్కడ రాసి ఉంది. ఇంకో మాట కూడా ఉంది, అది మరీ ముఖ్యం. ఏ సెక్షన్లో అయినా ‘ఈ చట్టం ప్రారంభమైన తేదీ’ అని కనిపిస్తే, ఆ సెక్షన్ అమల్లోకి వచ్చిన తేదీ అని చదువుకోవాలట. అంటే ఒకే చట్టానికి నాలుగైదు పుట్టినరోజులు ఉండొచ్చు.

చట్టంలో తేదీ గురించి అసలేమీ రాయకపోతే? అప్పుడు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, అయిదో సెక్షన్. రాష్ట్రపతి ఆమోదం ఇచ్చిన రోజే అమలు మొదలు. అదీ ఆ రోజు మధ్యాహ్నం నుంచి కాదు, ముందురోజు ముగిసిన క్షణం నుంచి. అర్ధరాత్రి పన్నెండు నుంచన్నమాట. ఈ అర్ధరాత్రి సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

ఈ ప్రకటనని ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో పిలుస్తారు. బ్రిటన్లో మంత్రి ఉత్తర్వు ఇస్తాడు. కెనడా, ఆస్ట్రేలియాల్లో గవర్నర్ జనరల్ పేరుమీద ప్రొక్లమేషన్ వస్తుంది, వినడానికి దండోరా వేసినట్టుంటుంది. మనది పొడిగా నోటిఫికేషన్. పేరేదైనా పని ఒకటే.

ఇప్పుడు 121వ సెక్షన్‌ని ఎందుకు వదిలేశారో చూద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన కథ. చట్టం ఒక అప్పీళ్ళ ట్రిబ్యునల్ని ఏర్పాటు చేసింది. ఆ ట్రిబ్యునల్ ఛైర్‌పర్సన్‌కి రెగ్యులేటరీ కమిషన్ల మీద పర్యవేక్షణ, అదుపు ఉంటాయని 121లో రాశారు. ఆలోచించండి. కమిషన్ స్వతంత్ర సంస్థ అంటాం. టారిఫ్, అంటే కరెంటు రేట్లు, నిర్ణయించే సంస్థ. దాని మీద అప్పీలు వినే ఒక్క మనిషికి అదుపు ఇస్తే స్వతంత్రం ఎక్కడుంటుంది? అందుకే జూన్ 10న మొత్తం లైన్ ఛార్జ్ చేశారు గానీ ఈ ఒక్క సెక్షన్ స్విచ్ వేయలేదు. ఆ ఏడాది డిసెంబరుకల్లా సవరణ చట్టం తెచ్చి 121ని తిరగరాశారు. ఛైర్‌పర్సన్ కాదు, ట్రిబ్యునలే, అదీ కమిషన్ వాదన విన్నాక ఆదేశాలివ్వొచ్చు అని మార్చారు. ఆ కొత్త రూపం 2004 జనవరి 27న అమల్లోకి వచ్చింది. పాత 121 పార్లమెంటు పాస్ చేసిన చట్టంలో ఉంది, రాష్ట్రపతి ఆమోదించారు, కానీ ఒక్క రోజు కూడా బతకలేదు. పుట్టకముందే పోయింది. అయినా పాత ముద్రణ పుస్తకాల్లో దర్జాగా కనిపిస్తుంది! సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనే లా విద్యార్థులు జాగ్రత్త. ట్రిబ్యునల్ మాట కూడా చెప్పేస్తాను. దానికి సంబంధించిన సెక్షన్లు 2003లోనే అమల్లోకి వచ్చాయి, ట్రిబ్యునల్ మాత్రం పని మొదలుపెట్టింది 2005 జులైలో. సెక్షన్ అమల్లో ఉండటం వేరు, కుర్చీలో మనిషి ఉండటం వేరు.

తేదీకి ఇంత గొడవ ఎందుకు సార్ అని ఎవరైనా అడగొచ్చు. గొడవెందుకంటే గడియారాలన్నీ అక్కడినుంచే తిరగడం మొదలుపెడతాయి. 55వ సెక్షన్ చూడండి. నిర్ణీత తేదీ నుంచి రెండేళ్ళు గడిచాక సరైన మీటరు లేకుండా ఎవరికీ కరెంటు ఇవ్వకూడదు. కమిషన్ గడువు పొడిగించవచ్చనుకోండి, అది వేరే సంగతి. 172వ సెక్షన్ ప్రకారం పాత విద్యుత్ బోర్డులు ఏడాదిపాటు లైసెన్సీలుగా కొనసాగవచ్చు, ఆ తర్వాత కేంద్రం, రాష్ట్రం ఒప్పుకుంటే పొడిగింపు. ఎన్ని రాష్ట్రాలు పొడిగింపులు తెచ్చుకున్నాయో! తమిళనాడు బోర్డు విడిపోయింది ఎప్పుడు? 2010 నవంబరు 1న. ఏడాది అన్నది ఏడేళ్ళు దాటింది.

ఆ 172లోనే (డి) క్లాజు ఒకటుంది. పరీక్షల్లో అడగరు గానీ చదవండి. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి, ఈ చట్టంలోని కొన్ని గానీ అన్ని గానీ నిబంధనలు ఆరు నెలలకు మించకుండా మా రాష్ట్రంలో వర్తించవు అని చెప్పొచ్చు. గమనించారా? కేంద్రం ఒక ప్రకటనతో స్విచ్ వేస్తుంది. రాష్ట్రం ఇంకో ప్రకటనతో, మా ఫీడర్ ఇప్పుడే వద్దండీ, మేం ఎల్‌సీలో ఉన్నాం, అంటే పని కోసం లైన్ ఆపుకుని ఉన్నాం, అనొచ్చు. విద్యుత్తు కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోది, 38వ అంశం. ఆ ఉమ్మడితనం ఇలాంటి చిన్న క్లాజుల్లో బాగా కనిపిస్తుంది.

ఇంకో గడియారం. వెయ్యి కిలోవాట్లు, అంటే ఒక మెగావాట్ దాటిన వినియోగదారులకు ఓపెన్ యాక్సెస్, అంటే వేరేవాళ్ళ దగ్గర కరెంటు కొని ఇదే తీగల మీద తెచ్చుకునే వీలు, ఇవ్వాలని 42వ సెక్షన్లో పెట్టారు. గడువు అయిదేళ్ళు. ఎప్పటినుంచి అయిదేళ్ళు? 2003 జూన్ నుంచి కాదు. సవరణ చట్టం ప్రారంభమైన తేదీ నుంచి. అంటే 2004 జనవరి 27 నుంచి, 2009 జనవరి దాకా. ఆ సవరణ నోటిఫికేషన్ ఇంకో ఏడాది ఆలస్యమై ఉంటే పెద్ద పరిశ్రమల హక్కు కూడా ఇంకో ఏడాది వెనక్కి జరిగేది. పార్లమెంటు మళ్ళీ ఓటెయ్యనక్కర్లేదు. ఢిల్లీలో ఒక ఫైలు బల్లమీద ఉండిపోతే చాలు.

అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది 183వ సెక్షన్. అమలులో చిక్కులొస్తే కేంద్రం ఉత్తర్వులిచ్చి తొలగించవచ్చు, కానీ చట్టం ప్రారంభమైన రెండేళ్ళ తర్వాత అలాంటి ఉత్తర్వు ఇవ్వకూడదు. రెండేళ్ళు ఎప్పటికి నిండుతాయి? 2005 జూన్ రెండో వారానికి. ఆ చిక్కులు తొలగించే ఉత్తర్వులు వరసగా ఏ తేదీతో వచ్చాయో తెలుసా? 2005 జూన్ 8! ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. మార్చి 31న బడ్జెట్ ఖర్చుపెట్టే జాతి మనది.

ఇక మన ఊళ్ళ సంగతికొద్దాం. మన దగ్గర ఈ పని కేంద్రం కంటే ముందే జరిగింది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం, 1998. అసెంబ్లీ పాస్ చేసింది. ఉమ్మడి జాబితా విషయం, కేంద్ర చట్టాలతో తగాదా రాకుండా ఉండాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి, అదీ వచ్చింది. అమల్లోకి తెచ్చింది 1999 ఫిబ్రవరి 1న. ఆ రోజు పొద్దున ఏం జరిగిందో ఇక్కడ మావయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1959 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రాష్ట్ర విద్యుత్ బోర్డు, కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో, దాన్ని చేరవేసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. అదే కుర్చీ, అదే ఫ్యాను, అదే బీరువా, మనిషి వేరే సంస్థ ఉద్యోగి. మా దగ్గర ఒక సీనియర్ గుమాస్తాగారు సాయంత్రం దాకా పాత బోర్డు ముద్రే కొట్టారు. ఏమండీ అంటే, ‘ఇరవై ఏళ్ళుగా ఈ చెయ్యి ఈ ముద్రే కొట్టింది, దానికి నోటిఫికేషన్ అందలేదు’ అన్నారు. తర్వాత 2000 ఏప్రిల్ 1న ట్రాన్స్‌కో నుంచి నాలుగు డిస్కమ్‌లు, అంటే పంపిణీ సంస్థలు, వచ్చాయి. అదీ ప్రకటనతోనే. ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు, ఎవరు ఎవరికి అనేదంతా ఆ బదిలీ పథకాల ప్రకటనల్లో ఉంటుంది.

మరి 2003 చట్టం వచ్చాక మన 1998 చట్టం పోయిందా? పోలేదు. 185వ సెక్షన్ 1910, 1948, 1998 కేంద్ర చట్టాల్ని రద్దు చేసింది గానీ, రాష్ట్రాల సంస్కరణ చట్టాల జాబితా ఒకటి షెడ్యూల్లో పెట్టింది. ఒడిశా 1995తో మొదలు, మనదీ అందులో ఉంది. కొత్త చట్టానికి విరుద్ధంగా లేనంతవరకు అవి కొనసాగుతాయి. రూల్స్ సంగతి ఇంకా తమాషా. 1956 విద్యుత్ నియమాలు రద్దయిన 1910 చట్టం కింద పుట్టాయి. తల్లి పోయింది, పిల్ల మిగిలింది. కొత్త భద్రతా నిబంధనలు వచ్చేదాకా అవే వర్తిస్తాయని 185 చెప్పింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఆ నిబంధనలు తెచ్చింది ఎప్పుడంటారా, 2010 సెప్టెంబరులో. ఏడేళ్ళపాటు ప్రమాదం జరిగిన ప్రతిచోటా మనం 1956 నియమాలే చూపించాం. సరిగ్గానే చూపించాం. ఆ రోజుల్లో ఒక ఫైలు నా దగ్గరకి తిరిగొచ్చింది, ‘రద్దయిన చట్టం కింద నియమాలు ఎలా ఉదహరించారు, సంజాయిషీ ఇవ్వండి’ అని. 185ని జిరాక్స్ తీసి జత చేసి పంపాను. జవాబు రాలేదు. మన దగ్గర జవాబు రాకపోవడమే ఒప్పుకోలు.

2014లో ఇంకోసారి ఇదే చూశాం. పునర్విభజన చట్టానికి మార్చి 1న ఆమోదం. జూన్ 2 అనే తేదీని కేంద్రం మార్చి 4నే ప్రకటించేసింది. ఇక్కడ మూడు నెలల వ్యవధి ఇచ్చారు, అది మంచి పని. ఎందుకంటే ఆలోపు చాలా తేల్చుకోవాలి. జెన్‌కో ప్లాంట్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానివని పన్నెండో షెడ్యూల్ చెప్పింది. సెంట్రల్ డిస్కమ్ కింద ఉన్న అనంతపురం, కర్నూలు జిల్లాలు ఆంధ్రప్రదేశ్ వైపు డిస్కమ్‌కి మారాలి. మే నెలలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చి విద్యుత్ వాటాలు తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అని లెక్క కట్టింది. ఆ వాటాల మీద తర్వాత జరిగిన తగువులు మీకు నేను చెప్పక్కర్లేదు. అవి మొదలుపెడితే మీ రాత్రి భోజనం కూడా ఇక్కడే అవుతుంది.

వ్యవధి ఎందుకు మంచిదంటే, కొత్త చట్టం కింద రూల్స్ రాయాలి, ఫారాలు అచ్చు వేయాలి, మనుషుల్ని నియమించాలి. చట్టం అమల్లోకి రాకముందే రూల్స్ ఎలా రాస్తారు, అధికారమే లేదు కదా? మంచి ప్రశ్న. దానికి జనరల్ క్లాజెస్ చట్టంలో 22వ సెక్షన్ ఉంది. చట్టం పాసయ్యాక, అమల్లోకి వచ్చేలోపు రూల్స్ తయారు చేసుకోవచ్చు. కానీ అవి పనిచేసేది మాత్రం చట్టం అమల్లోకి వచ్చాకే. ట్రాన్స్‌ఫార్మర్ ముందే బిగించుకోండి, కరెంటు వచ్చాకే తిరుగుతుంది మీటరు.

సరే, ఇప్పుడు ఇబ్బందికరమైన ప్రశ్న. ప్రభుత్వం ఆ ప్రకటన ఇవ్వనే ఇవ్వకపోతే? పార్లమెంటు పాస్ చేసింది, ప్రభుత్వం ఫైలు మూసి కూర్చుంది. అప్పుడేం చేస్తాం?

విద్యుత్తు బయట ఉదాహరణ చెప్పాలి దీనికి, ఏమనుకోకండి. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ముందస్తు నిర్బంధంలో పౌరుడికి ఇంకాస్త రక్షణ ఇచ్చే సెక్షన్ ఒకటి అందులో ఉంది, మూడో సెక్షన్. అది ఇవాళ్టిదాకా అమల్లోకి రాలేదు! రాజ్యాంగ సవరణ అండీ, మామూలు చట్టం కాదు. 1981లో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టుని అడిగారు, అమలు చేయమని ప్రభుత్వాన్ని ఆదేశించండి అని. కోర్టు ఆదేశించలేమంది. ఎప్పుడన్నది పార్లమెంటే ప్రభుత్వానికి వదిలింది, ప్రభుత్వం ఆలస్యం చేస్తే అడగాల్సింది పార్లమెంటే అంది. 1995 ఢిల్లీ అద్దెల చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందీ అమలు కాలేదు. న్యాయవాదుల చట్టం 1961ది, అందులో న్యాయవాదికి ఏ కోర్టులోనైనా వాదించే హక్కిచ్చే 30వ సెక్షన్ని అమల్లోకి తెచ్చే సంగతి పరిశీలించమని 1988లో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువిచ్చింది. పరిశీలించమని మాత్రమే, అమలు చేయమని కాదు. అది అమల్లోకి వచ్చింది 2011 జూన్ 15న. యాభై ఏళ్ళు. ఆ చట్టం చూసి నల్లకోటు తొడుక్కున్న కుర్రవాడు ఆ సెక్షన్ అందుకునేసరికి ముసలివాడయ్యాడు.

నా అభిప్రాయం అడిగితే, తేదీ ప్రభుత్వానికి వదలడం తప్పు కాదు. సిద్ధం కాకుండా స్విచ్ వేస్తే కాలేది లైన్‌మనే. కానీ ఇంత గడువులోపు వేసి తీరాలి అని చట్టంలో రాయకపోవడం మాత్రం తప్పు. 55లో మీటర్లకి రెండేళ్ళు పెట్టారు, 172లో బోర్డులకి ఏడాది పెట్టారు, 183లో తమకి తామే రెండేళ్ళు పెట్టుకున్నారు. మొదటి సెక్షన్లో మాత్రం ఏ గడువూ లేదు. ప్రజలకి గడువు, బోర్డుకి గడువు, స్విచ్ దగ్గర నిలబడ్డవాడికి గడువు లేదు.

ఇక ప్రచురణ. ప్రకటన ఇచ్చారు సరే, జనానికి తెలియాలా వద్దా? జైపూర్ సంస్థానంలో 1923లో మంత్రిమండలి తీర్మానంతో నల్లమందు చట్టం చేశారు, ఎక్కడా ప్రచురించలేదు. 1951లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. బయటికి చెప్పని చట్టం కింద మనిషిని శిక్షించడం న్యాయం కాదంది. మరి గెజిట్లో వేస్తే చాలా? చాలు. 1962లో జ్యూరిచ్ నుంచి మనీలా వెళ్తున్న ఒక ప్రయాణికుడు 34 కిలోల బంగారంతో బొంబాయిలో ఆగిన విమానంలో దొరికాడు. నాలుగు రోజుల ముందే రిజర్వ్ బ్యాంకు కొత్త ఆంక్ష గెజిట్లో వచ్చింది. నాకు తెలియదన్నాడు. జ్యూరిచ్‌లో మన గెజిట్ ఎవడు చదువుతాడు? అయినా మెజారిటీ తీర్పు అతనికి వ్యతిరేకంగానే వచ్చింది.

ఇప్పుడు గెజిట్ కాగితం కాదు, 2015 నుంచి ఆన్‌లైన్లో వస్తోంది. దాంతో నిమిషాల లెక్క వచ్చింది. 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం సుంకం వేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. గెజిట్లో ఎక్కిన సమయం రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లు. పాకిస్తాన్ సరిహద్దులోని అట్టారీ దగ్గర అప్పటికే కాగితాలు దాఖలు చేసిన వ్యాపారులున్నారు. కస్టమ్స్ వాళ్ళు రోజంతా వర్తిస్తుందన్నారు. 2020లో సుప్రీంకోర్టు కాదంది, ఎక్కిన సమయం నుంచే అంది. ఛార్జ్ చేసిన టైము రిజిస్టర్లో రాసినట్టే!

ఏదో ప్రశ్న ఉన్నట్టుంది, ఆ చెయ్యెత్తిన అబ్బాయి. అడుగు నాయనా... బాగుంది. అందరికీ వినపడేలా మళ్ళీ చెప్తాను. 2003 జూన్ 10 తెల్లవారుజామున మూడు గంటలకి ఒకడు తీగకి కొక్కెం తగిలించి మోటారు ఆడించాడు. 1910 చట్టం 39వ సెక్షన్ కింద దొంగా, 2003 చట్టం 135 కింద దొంగా?

దొంగ అనడంలో ఎవరికీ సందేహం లేదు. ఇందాక అర్ధరాత్రి గుర్తుపెట్టుకోమన్నాను. ఆ లెక్కన చూస్తే పన్నెండు దాటిన క్షణం నుంచి కొత్త చట్టమే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అదే అంటాడు. కానీ ఆ ప్రకటన కూడా జూన్ 10 తేదీదే. తెల్లవారుజామున మూడింటికి ఆ గెజిట్ అచ్చయి ఎవరి చేతిలోనైనా ఉందా? నేరం చేసిన సమయానికి అమల్లో ఉన్న చట్టం కిందే శిక్షించాలని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. అప్పటి కాగితం గెజిట్ మీద తేదీ ఉంటుంది, గంట ఉండదు. నా సర్వీసులో ఆ మూడు గంటల కేసు రాలేదు. మీలో ఒకరు ప్రాసిక్యూటర్, ఒకరు ముద్దాయి తరఫు లాయరు అనుకోండి. టీ తాగుతూ వాదించుకోండి, నేను వింటాను.